స్కేల్ మోడల్ కారు టైర్లకు అసలు టైరు మెరుపు ఎలా తెప్పించాలి

విజయవాడ ఆటోనగర్‌లో ఏదైనా కార్ వాషింగ్ సెంటర్ దగ్గర ఓ పావుగంట నిలబడండి. కడగడం, తుడవడం అయ్యాక చివర్లో ఒక కుర్రాడు స్పాంజి ముక్క పట్టుకుని వస్తాడు. డబ్బాలో ఉన్న పాలలాంటి తెల్లటి ద్రవంలో దాన్ని ముంచి, కాస్త పిండి, టైరు పక్క భాగం మీద గుండ్రంగా ఒక చుట్టు తిప్పుతాడు. అప్పటిదాకా వెలిసిపోయినట్టున్న టైరు నల్లగా నిగనిగలాడుతుంది. ఒకసారి ఉండబట్టలేక "గాడుల్లో కూడా పుయ్యవా తమ్ముడూ?" అని అడిగాను. నన్ను ఎగాదిగా చూసి, "బ్రేకేస్తే జారుద్ది సార్, అక్కడ పుయ్యకూడదు" అన్నాడు.

అప్పటికే నేను మూడు మోడల్ కార్ల టైర్లు చెడగొట్టుకుని ఉన్నాను. మూడింటిలోనూ చేసిన తప్పు ఒకటే. టైరు మొత్తం మెరిపించాను. నిజం టైరులో మెరిసేది పక్క భాగం, అంటే సైడ్‌వాల్ మాత్రమే. రోడ్డుకు తగిలే ట్రెడ్ ఎప్పుడూ మెరవదు. ఈ రెండిటి మధ్య తేడా కనిపించిందంటే అరచేతిలో పట్టే కారు కూడా ఫోటోలో అసలు కారులా ఉంటుంది. తేడా లేకపోతే ఎంత ఖరీదైన కిట్ (ముక్కలు అతికించి మనమే కట్టుకునే మోడల్) అయినా బజారులో దొరికే బొమ్మలాగే కనిపిస్తుంది.

ఇంకో సంగతి. షోరూమ్ నుంచి వచ్చిన కొత్త టైరు కూడా అద్దంలా మెరవదు. రబ్బరు త్వరగా అరగకుండా అందులో కార్బన్ బ్లాక్ అనే మసి కలుపుతారు, టైరుకు ఆ నలుపు దాని వల్లే వస్తుంది. ఆ మసి వెలుతురును మింగేస్తుంది. పాలిష్ రాసినప్పుడు వచ్చేది తడి నేల మెరుపులాంటిది. వెలుతురు కనిపిస్తుంది గానీ అందులో బల్బు ఆకారం కనిపించదు. మనం తెప్పించాల్సింది ఆ తడి మెరుపునే.

నేను ఎక్కువగా కట్టేది 1/24 సైజు, అంటే అసలు కారులో 24వ వంతు ఉండే ప్లాస్టిక్ కిట్లు కాబట్టి కొలతలన్నీ దానికే చెబుతున్నాను. 1/18 డైకాస్ట్ (లోహంతో పోతపోసిన) కార్లకూ పద్ధతి ఇదే.

ముందుగా ఒక చిన్న లెక్క

మన చిన్న కార్లకు వచ్చే 165/80 ఆర్14 టైరు తీసుకోండి. చివరి 14 రిమ్ సైజు, అంగుళాల్లో. 165 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. అందులో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు. దాన్ని 24తో భాగిస్తే 5.5 మిల్లీమీటర్లు. మీరు మెరిపించాల్సిన పట్టీ మొత్తం అంతే, పెన్సిల్ మందం కూడా లేదు. టైరు నిలువు మొత్తం కలిపినా దాదాపు 26 మిల్లీమీటర్లు, మన రూపాయి బిళ్ళ కన్నా కొంచెం పెద్దది.

ఈ లెక్క ఎందుకంటే, దాని మీద మీరు వేసే పూత కూడా 24 రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. మిల్లీమీటరులో పదో వంతు మందం పూత వేస్తే, అసలు టైరు మీద 2.4 మిల్లీమీటర్ల మందాన లక్క కరిగించి పోసినట్టు. సైడ్‌వాల్ మీద ఉన్న సన్నటి అక్షరాలు, గీతలు అన్నీ అందులో మునిగిపోతాయి. అందుకే ఇక్కడ నేను చెప్పే ప్రతి పూతా వేశారా లేదా అన్నంత పలచగా ఉండాలి.

1. మీ టైరు దేనితో చేసిందో చూసుకోండి

ఈ ఒక్క పని వదిలేస్తే మిగతావన్నీ తేడా కొడతాయి. గోరుతో మెల్లగా నొక్కి చూడండి. అస్సలు దిగకుండా టక్కుమని శబ్దం వస్తే అది గట్టి ప్లాస్టిక్. చాలా హాట్ వీల్స్ కార్లకు వచ్చేవి ఇలాంటివే. వాటిలో 1983లో మొదలైన 'రియల్ రైడర్స్' రకానికి మాత్రం రబ్బరు టైర్లు వస్తాయి. గోరు దిగి, తీయగానే మళ్ళీ మామూలుగా అయితే అది రబ్బరు గానీ మెత్తటి వినైల్ గానీ. కిట్లలో ఎక్కువగా వచ్చేవి ఈ రెండే.

రబ్బరుకూ వినైల్‌కూ తేడా కంటితో చెప్పడం కష్టం. పెట్టె మీద రాసి ఉంటే సరే, లేకపోతే వినైల్ అనుకునే పని మొదలుపెట్టండి. వినైల్‌ను మెత్తగా ఉంచడానికి అందులో ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలుపుతారు. అది ఊరికే ఉండదు. ఏళ్ళ తరబడి నెమ్మదిగా బయటికి వస్తూనే ఉంటుంది. దాని మీద ఎనామిల్ పెయింట్ వేస్తే ఎప్పటికీ ఆరదు. నేను ఒకసారి మామూలు ఎనామిల్ నలుపు వేసి, ఆరుతుందిలే అని వదిలేశాను. నెల తర్వాత ముట్టుకుంటే వేలిముద్ర పడింది. ఆ నెలలో ఫ్యాన్ గాలికి ఎగిరొచ్చిన దూది, దుమ్ము, మా ఇంటి పిల్లి వెంట్రుకలూ అన్నీ ఆ నాలుగు టైర్లకే అంటుకున్నాయి.

కిట్‌లో స్టెప్నీ టైరు ఉంటే మీ అదృష్టం. ఏ పద్ధతైనా ముందు దాని మీద చేసి చూడండి. లేకపోతే టైరు లోపలి వైపు, అంటే కారు కిందికి వెళ్ళే వైపు, ఒక చిన్న చోట పరీక్షించండి.

2. కడగండి

అచ్చులోంచి టైరు సులువుగా ఊడి రావడానికి ఫ్యాక్టరీలో జిడ్డులాంటిది పూస్తారు. కొత్త టైరుకు ఉండే ఆ అరకొర మెరుపు చాలాసార్లు దానిదే. గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కల విమ్ లిక్విడ్ వేసి, పాత టూత్‌బ్రష్‌తో గాడుల్లోకి పోయేలా రుద్దండి. మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టండి. ఎండలో మాత్రం పెట్టకండి. సింకు కన్నానికి జల్లెడ అడ్డం పెట్టుకోవడం మర్చిపోవద్దు. ఎందుకని అడగొద్దు.

నెయిల్ పాలిష్ రిమూవర్, పెట్రోలు, పెయింట్ థిన్నర్ లాంటివి దగ్గరికి రానివ్వకండి. సబ్బుతో పోని జిడ్డు ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇయర్‌బడ్‌కు తడిపి ఒకసారి తుడిస్తే చాలు.

3. ట్రెడ్‌ను అరగదీయండి

మెరుపు గురించి చెబుతానని అరగదీయడం గురించి చెబుతున్నాడేమిటి అనుకోవద్దు. సైడ్‌వాల్ మెరిసినట్టు కనిపించాలంటే పక్కనున్న ట్రెడ్ మెరవకుండా ఉండాలి. సగం పని ఇక్కడే అయిపోతుంది.

చాలా కిట్ టైర్లకు ట్రెడ్ మధ్యలో చుట్టూ ఒక సన్నటి గట్టు ఉంటుంది. అచ్చు రెండు ముక్కలూ కలిసిన చోటది. అసలు టైరుకు అలాంటిది అంత కొట్టొచ్చినట్టు ఉండదు. దాన్ని తీసేయడానికి ఆటో పెయింటర్లు వాడే వాటర్ పేపర్ 320 నంబరుది కొనండి. హార్డ్‌వేర్ షాపులో అడిగితే ఇస్తారు. 14 అంగుళాల రిమ్ 1/24లో దాదాపు 15 మిల్లీమీటర్లకు వస్తుంది కాబట్టి టైరు కన్నంలోకి మార్కర్ పెన్ను కాస్త అటూ ఇటూగా సరిపోతుంది. వదులుగా ఉంటే పెన్నుకు మాస్కింగ్ టేప్ నాలుగు చుట్లు చుట్టి బిగించండి.

ఇప్పుడు వాటర్ పేపర్‌ను బల్ల మీద పరిచి, టైరును దాని మీద ఒకే దిక్కుగా, చపాతీ కర్ర తిప్పినట్టు కాకుండా కాస్త అడ్డంగా ఈడుస్తూ తిప్పండి. ఊరికే దొర్లిస్తే ఏమీ అరగదు. పది పన్నెండు చుట్లకు గట్టు పోతుంది, ట్రెడ్ పైభాగం మసిబారిన ముదురు బూడిద రంగులోకి వస్తుంది. గాడుల లోపల నల్లగానే ఉండాలి. డ్రిల్ మిషన్‌కు బిగించి తిప్పొచ్చా అంటే తిప్పొచ్చు గానీ, వేగం ఎక్కువైతే వేడికి వినైల్ సాగి జిగురుగా అవుతుంది. చేత్తో అయితే ఆ టెన్షన్ లేదు.

పనిలో పనిగా టైరు కింద భాగం ఒకే చోట నాలుగైదు సార్లు గట్టిగా రుద్దండి. అక్కడ కాస్త చదునుగా అవుతుంది. అసలు కారు బరువుకు టైరు నేల దగ్గర నొక్కుకుని ఉంటుంది కదా, ఆ భావన వస్తుంది. కళ్ళు దాన్ని గుర్తుపట్టవు గానీ లేనప్పుడు ఏదో తేడా ఉందని పట్టేస్తాయి. మరీ ఎక్కువ రుద్దితే పంక్చర్ పడిన కారులా ఉంటుంది.

4. టైరును రిమ్‌కు ఎక్కించేయండి

మెత్తటి టైర్లకు ఈ వరస చాలా ముఖ్యం. పెయింటు వేసి, ఆరాక రిమ్‌కు ఎక్కిస్తే టైరు సాగినప్పుడు పూత పగిలి పొలుసులుగా లేస్తుంది. ముందు ఎక్కించి, రిమ్ మీద మాస్కింగ్ టేప్ అంటించి, తర్వాతే పూత వేయండి. పాలిష్ ఒక్కటే రాసేటట్లయితే విడిగా రాసి ఎక్కించినా ఫరవాలేదు. కానీ వేళ్ళకు జిడ్డు అంటి రిమ్ మురికి అవుతుంది, అందుకని అప్పుడు కూడా ఎక్కించాక రాయడమే మేలు.

5. సైడ్‌వాల్ మెరుపు

ఇక అసలు పని. టైరు రకాన్ని బట్టి మూడు దారులున్నాయి.

*రబ్బరు, వినైల్ టైర్లకు పాలిష్.* నాకు బాగా నచ్చిన దారి ఇది. ఇందులో పెయింటే ఉండదు. కార్ల సామాన్లు అమ్మే షాపులో టైర్ పాలిష్ అడగండి. రెండు రకాలు చూపిస్తారు. పారదర్శకంగా, నూనెలా జారుతూ ఘాటుగా వాసన వచ్చేది ఒకటి, పాలలా తెల్లగా నీళ్ళతో కలిసే రకం ఇంకొకటి. మీకు కావాల్సింది రెండోది. మొదటి దానిలో ఉండే ద్రావకాలు ప్లాస్టిక్ రిమ్ పెయింటును కరిగించగలవు, పైగా మెరుపు కూడా మరీ ఎక్కువ.

సీసా మూతలో ఒక చుక్క పోసుకోండి. ఇయర్‌బడ్‌ను అందులో తాకించి, టిష్యూ మీద ఒకసారి అద్దండి. అద్దాక బడ్ తడిగా ఉందా లేదా అని అనుమానం రావాలి, అంత చాలు. టైరును ఎడమ చేత్తో తిప్పుతూ, బడ్‌ను కదల్చకుండా సైడ్‌వాల్‌కు ఆనించండి. కుమ్మరి సారె మీద కుండకు గీత పెట్టే పద్ధతి ఇదే. చెయ్యి కదలదు, చక్రం తిరుగుతుంది. ఒక చుట్టు పూర్తయ్యాక ఐదు నిమిషాలు ఆగి, కళ్ళద్దాలు తుడిచే గుడ్డతో మెల్లగా తుడిచేయండి. అవును, తుడిచేయాలి. మిగిలిన పాలిష్ అక్షరాల చుట్టూ చిన్న చిన్న చెరువుల్లా నిలిచిపోతే ఫోటోలో అది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. సరిపోలేదనిపిస్తే మర్నాడు రెండో చుట్టు వేయండి. మూడోది వద్దు.

ట్రెడ్ అంచుకు, అంటే సైడ్‌వాల్ వంపు తిరిగి ట్రెడ్‌గా మారే చోటికి, అర మిల్లీమీటరు ముందే ఆపేయండి. వాషింగ్ సెంటర్ కుర్రాడి స్పాంజి కూడా ఆ వంపు దగ్గరే ఆగుతుంది.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. టైర్ పాలిష్‌లో సిలికాన్ ఉంటుంది. అది వేలికి అంటి, వేలి నుంచి బల్లకు, బల్ల నుంచి కారు బాడీకి పాకుతుంది. సిలికాన్ తగిలిన చోట పెయింటు నిలవదు, చేప కళ్ళలాంటి గుంటలు పడతాయి. ఆటోనగర్ పెయింటర్లు దీన్ని 'ఫిష్ ఐ' అనే అంటారు, వాళ్ళకు సిలికాన్ అంటే దడ. నేను ఒకసారి టైర్లు పూర్తిచేసిన ఉత్సాహంలో అదే బల్ల మీద, అదే చేతులతో మెరూన్ రంగు బాడీకి చివరి పూత కొట్టాను. బానెట్ మీద పదకొండు గుంటలు లెక్కపెట్టాను. మొత్తం గీకి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అందుకని కారు మొత్తం అయిపోయి, ఇంక ఎక్కడా పెయింటు వేసే పని లేదు అనుకున్న రోజే పాలిష్ సీసా మూత తీయండి. వేరే గదిలో అయితే ఇంకా మంచిది.

పాలిష్ దొరక్కపోతే మందుల షాపులో గ్లిజరిన్ కొనండి. అది నీళ్ళతో కడిగితే పోతుంది, రబ్బరుకు హాని చెయ్యదు. ఒక్క చుక్క వేలి కొనల మధ్య రుద్దుకుని, మిగిలిన తడిని టైరుకు అద్దండి. ఫోటో తీసుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ గ్లిజరిన్ గాలిలో తేమను లాక్కుంటుంది. మన కోస్తా తేమలో నాలుగు రోజులకు దుమ్ము పట్టేస్తుంది. ఫోటో అవగానే కడిగేయండి. కొబ్బరినూనె, వాజలైన్ అందరికీ ముందు గుర్తొచ్చేవి, ఇంట్లో ఉంటాయి కాబట్టి. రెండూ వద్దు. అవి ఆరవు, జిడ్డుగానే ఉంటాయి, కొబ్బరినూనె కొన్నాళ్ళకు వాసన కూడా కొడుతుంది.

*మెత్తటి టైరుకు శాశ్వతమైన మెరుపు కావాలంటే* అక్రిలిక్ పెయింటే దారి. ఎనామిల్ కాదు, స్ప్రే డబ్బాల్లో వచ్చే ల్యాకర్ పెయింటు కూడా కాదు. మోడల్ పెయింట్లు చేసే టమియా కంపెనీ అక్రిలిక్స్‌లో ఎక్స్-18 సెమీ గ్లాస్ (సగం మెరుపు) నలుపు గానీ, రంగు మార్చక్కర్లేకపోతే ఎక్స్-35 సెమీ గ్లాస్ క్లియర్ గానీ సరిపోతుంది. రెండు పాళ్ళ పెయింటుకు ఒక పాలు దాని థిన్నర్ కలిపి, మెత్తటి చదును బ్రష్‌తో, మళ్ళీ అదే కుమ్మరి సారె పద్ధతిలో ఒక్క చుట్టు. ఒకసారి గీసిన చోట మళ్ళీ బ్రష్ పెట్టకండి, సగం ఆరిన పొర ముద్దగా లేచొస్తుంది. ఆరాక టైరును వంచడం, నొక్కడం మానెయ్యాలి. అందుకే షెల్ఫ్‌లో పెట్టే కార్లకు ఇది బాగుంటుంది, పిల్లలు తిప్పి ఆడే కార్లకు నిలవదు.

*గట్టి ప్లాస్టిక్ టైర్లకు* మొత్తం రంగే వేయాలి, ఎందుకంటే ఆ ప్లాస్టిక్‌కు సహజంగానే బొమ్మ మెరుపు ఉంటుంది. ముందు ప్రైమర్. తర్వాత నలుపు, కానీ పచ్చి నలుపు కాదు. చిన్న వస్తువు మీద పచ్చి నలుపు వేస్తే కన్నం పడినట్టు ఉంటుంది, ఆకారం తెలియదు. పది చుక్కల మ్యాట్ (మెరుపు లేని) నలుపుకు ఒక చుక్క తెలుపు, టూత్‌పిక్ మొనకు అంటినంత బ్రౌన్ కలపండి. రెడీమేడ్‌గా కావాలంటే టమియాలో ఎక్స్‌ఎఫ్-85 'రబ్బర్ బ్లాక్' అనే ఇస్తారు. మొత్తం టైరుకు ఈ మ్యాట్ రంగు వేసి, ఒక రోజు ఆరాక సైడ్‌వాల్ మీద మాత్రం సెమీ గ్లాస్ క్లియర్ వేయండి. ట్రెడ్ మ్యాట్‌గానే ఉండిపోతుంది. పని అయిపోయింది.

ఏ దారి ఎంచుకున్నా ముందు టిఫిన్ సెంటర్లో ఇచ్చే ప్లాస్టిక్ స్పూన్ వెనక వేసి చూసుకోండి. స్పూన్ వంపు, టైరు సైడ్‌వాల్ వంపు ఒకలాగే వెలుతురును పట్టుకుంటాయి.

6. ఫోన్ టార్చ్‌తో పరీక్ష

గదిలో లైటు తీసేసి, ఫోన్ టార్చ్‌ను టైరుకు జానెడు దూరంలో పక్కనుంచి పట్టండి. సైడ్‌వాల్ మీద ఏం కనిపిస్తోంది? సూది మొనలాంటి తెల్లటి చుక్క కనిపిస్తే మెరుపు ఎక్కువైంది. అంచులు చెదిరిన, పొడవాటి బూడిదరంగు చార కనిపిస్తే సరిగ్గా ఉంది. ఏమీ కనిపించకపోతే ఇంకో పలచటి చుట్టు వేయొచ్చు. టార్చ్‌ను మెల్లగా కదిపి చూడండి. ఆ చార టైరు వెంట జారుతూ, ట్రెడ్ అంచుకు రాగానే మాయమైపోవాలి. మొదటిసారి నా టైరు మీద అలా మాయమైనప్పుడు టార్చ్ ముందుకీ వెనక్కీ తిప్పుతూ కూర్చున్నాను, ఎంతసేపో గుర్తులేదు. ఇంట్లోవాళ్ళు కరెంటు పోయిందనుకున్నారు.

మెరుపు ఎక్కువైతే కంగారు పడొద్దు. పాలిష్ అయితే సబ్బునీళ్ళలో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిచి మళ్ళీ మొదలుపెట్టండి. పెయింట్ అయితే పూర్తిగా ఆరాక, పొడి టూత్‌బ్రష్‌ను చిటికెడు టాల్కమ్ పౌడర్‌లో ముంచి, దులిపేసి, గుండ్రంగా రుద్దండి. ఒక మెట్టు తగ్గుతుంది. తర్వాత తడిగుడ్డతో పౌడర్ తుడిచేయండి, లేకపోతే అక్షరాల సందుల్లో తెల్లగా ఉండిపోతుంది.

7. అక్షరాలు

టైరు మీద కంపెనీ పేరు ఉబ్బెత్తుగా ఉంటే, దానికి తెలుపు వేసుకోవచ్చు. మామూలు కుటుంబం కారుకు వద్దు. పాత అమెరికన్ మజిల్ కార్లకు, రేసు కార్లకు మాత్రమే బాగుంటుంది. బ్రష్‌ను తెలుపులో ముంచి, కాగితం మీద దాదాపు మొత్తం తుడిచేసి, మిగిలిన పొడి రంగును అక్షరాల మీదుగా తేలిగ్గా ఈడ్చండి. ఎత్తుగా ఉన్న చోట మాత్రమే అంటుకుంటుంది. దారి తప్పిన రంగును టూత్‌పిక్‌తో గీకేయండి.

వరస గుర్తుంచుకోండి. సిలికాన్ పాలిష్ వాడేటట్లయితే అక్షరాలు ముందు, పాలిష్ తర్వాత. పాలిష్ మీద రంగు నిలవదు. అక్రిలిక్ క్లియర్ వాడేటప్పుడు కూడా అక్షరాలే ముందు, అప్పుడు క్లియర్ వాటిని కాపాడుతుంది. అక్రిలిక్ నలుపే వేస్తుంటే మాత్రం నలుపు ఆరాక అక్షరాలు.

మన దేశం కారుకు ఎమ్మారెఫ్ పేరు రాయాలని చాలామందికి ఉంటుంది, నాకూ. ఆ కంపెనీ 1946లో మద్రాసులో మొదలైంది బొమ్మ బెలూన్లు చేయడంతో. బొమ్మ కారు టైరు మీద ఆ పేరు రాసేటప్పుడల్లా నాకు అది గుర్తొచ్చి నవ్వొస్తుంది.

రేసు కారు కడుతున్నవాళ్ళకు ఒక మాట. ఫార్ములా వన్ కారు టైరుకు ఎవరూ పాలిష్ రాయరు. కొత్త స్లిక్ టైరుకు, అంటే గాడులు లేని రేసు టైరుకు, సన్నటి పట్టు మెరుపు ఉంటుంది, ట్రాక్ మీద నాలుగు ల్యాపులు తిరిగితే తగిలే భాగమంతా గరుగ్గా, మ్యాట్‌గా అయిపోతుంది. 2011 నుంచి పిరెల్లి టైర్లకు పక్కన రంగు గుర్తులు వస్తున్నాయి కాబట్టి ఆ రంగు చక్కగా కనిపించాలంటే చుట్టూ మెరుపు లేకపోవడమే మంచిది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ పక్కన పరిగెత్తిన 'ఫార్ములా-ఈ' (కరెంటుతో నడిచే రేసు) కార్లను గమనించినవాళ్ళకు ఇంకోటి కూడా తెలిసి ఉంటుంది. వాటికి స్లిక్కులు కాదు, రోడ్డు కార్లలా గాడులున్న టైర్లు. అలాంటి కారు కడితే మూడో మెట్టులో చెప్పిన అరగదీసే పని వాటికీ చేయాలి.

8. దుమ్ము, మీ ఇష్టాన్ని బట్టి

ఆదివారం కడిగి, పాలిష్ కొట్టి, సాయంత్రం షికారుకు తీసుకెళ్ళిన కారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన దశ అదే. సైడ్‌వాల్ మెరుస్తుంటుంది, గాడుల్లో అప్పుడే కాస్త దుమ్ము చేరి ఉంటుంది. దీనికి పేస్టల్ (సుద్దలాంటి రంగు కడ్డీ) ముక్కను బ్లేడుతో గీకి పొడి చేసి, ట్రెడ్ మీద మెత్తటి బ్రష్‌తో అద్దండి. ఏ ఊరి కారో ముందు అనుకోండి. గుంటూరు వైపు నల్లరేగడి దారుల్లో తిరిగినదైతే ముదురు బూడిద, ఎర్రమట్టి ఊరిదైతే ఇటుక రంగులో కాస్త బూడిద. పెన్సిల్ ముల్లు పొడి వాడకండి, అది గ్రాఫైట్, మెరుస్తుంది. ఇంత కష్టపడి చంపిన మెరుపు మళ్ళీ ట్రెడ్ మీదికి వచ్చేస్తుంది. పాలిష్ రాసిన సైడ్‌వాల్ మీద పొడి పడితే అంటుకుపోతుంది కాబట్టి ఈ పని పాలిష్‌కు ముందే చేయాలి.

లారీ మోడల్ కట్టేవాళ్ళకు ఈ లెక్కంతా తిరగబడుతుంది. రీసోల్ చేసిన లారీ టైరును చూడండి, ట్రెడ్ కొత్తగా నల్లగా ఉంటుంది, పాత సైడ్‌వాల్ గోధుమరంగు తిరిగి వెలిసిపోయి ఉంటుంది. రబ్బరును గాలి నుంచి కాపాడటానికి కలిపే మందులు పైకి తేలడం వల్ల ఆ గోధుమ ఛాయ వస్తుంది. అక్కడ సైడ్‌వాల్‌కు మెరుపు వేస్తే అబద్ధమే అవుతుంది.

9. షెల్ఫ్‌లో పెట్టేటప్పుడు

వినైల్ టైరులోంచి ప్లాస్టిసైజర్ వస్తుందని ముందు చెప్పాను కదా, అది తను తాకిన ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. ప్లాస్టిక్ డిస్‌ప్లే డబ్బాలో కారు పెట్టి రెండు ఎండాకాలాలు వదిలేశాను. మూడో ఏడు తీస్తే డబ్బా అడుగున నాలుగు టైరు ముద్రలు పడి ఉన్నాయి, ఒక టైరు అతుక్కుని చిరిగొచ్చింది. అందుకని టైర్ల కింద చిన్న అల్యూమినియం ఫాయిల్ ముక్కలు పెట్టండి, లేకపోతే కారు అడుగున చెక్క ముక్క పెట్టి టైర్లు నేలకు ఆనీ ఆననట్టు నిలపండి. టైరు, రిమ్ కలిసే చోట కూడా ఇదే గొడవ వస్తుంది. ఎక్కించే ముందు రిమ్ లోపలి అంచుకు పెయింటు వేసి ఉంచితే చాలావరకు ఆగుతుంది. కిటికీ పక్క, ఎండ తగిలే చోట పెట్టకండి.

పాలిష్ మెరుపు కొన్ని నెలలకు తగ్గుతుంది. మళ్ళీ రాసే ముందు పాత పొరను సబ్బునీళ్ళతో తుడిచేయండి, పొర మీద పొర వేస్తే దుమ్ముతో కలిసి మడ్డిలా అవుతుంది.

చివరగా చక్రాలు తిరిగేవైతే, నాలుగు టైర్ల మీదా కంపెనీ పేరు సరిగ్గా పైనే కనిపించేలా తిప్పి పెట్టకండి. మన వీధిలో ఆగిన ఏ కారునైనా చూడండి, ఒకదాని మీద పేరు తలకిందులుగా ఉంటుంది, ఇంకోదాని మీద వెనక్కి తిరిగి ఉంటుంది. మీవి కూడా ఎలా ఆగితే అలా వదిలేయండి.